వేసవి ఈత లీగ్: మీ పూల్‌లో మీట్ పెట్టుకుంటే ఏమేం చూసుకోవాలి

జూన్‌లో ఒక శనివారం, పొద్దున ఆరూ నలభై. ఉత్తర వర్జీనియాలో మా కాలనీ పూల్ గేటు ముందు పదిహేను మందిమి నిలబడి ఉన్నాం. చేతుల్లో మడత గుడారాలు, ఐసు పెట్టెలు, కాఫీ ఫ్లాస్కులు. ఎదుటి జట్టు కోచ్ కూడా వచ్చేశాడు. తాళంచెవి మాత్రం రాలేదు. అది ఉన్న కుర్రవాడు అలారం మోగినా లేవలేదని తరవాత తెలిసింది. మగపెళ్లివారు బస్సు దిగాక విడిది తాళం కోసం వెతుక్కున్నట్టయింది మా పని. ఆ సీజన్‌కు జట్టు ప్రతినిధిని నేనే. తాళంచెవులు రెండు ఉండాలని, అవి రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలని ఆ రోజు తెలిసింది. ఈ మార్గదర్శిలో మొదటి సూచన కూడా అదే.

నేను ఈత నేర్చుకున్నది పొలం బావిలో, నడుముకు ఎండు బెండ్లు కట్టుకుని. గట్టు మీద నుంచి మేనమామ తోస్తే నీళ్లలో పడటమే మాకు తెలిసిన ‘స్టార్ట్’. ఇక్కడికి వచ్చి పిల్లల్ని వేసవి స్విమ్ లీగ్‌లో చేర్పించిన రెండో వారానికే ఒక ఈమెయిల్ వచ్చింది, ప్రతి కుటుంబం కొన్ని పూటలు పనిచేయాలని. మొదటి ఏడు స్టాప్‌వాచీ పట్టుకుంటాం. రెండో ఏడు బల్లల దగ్గర కూర్చుంటాం. మూడో ఏటికి ఎవరో ఒకరు ‘మీరైతే బాగా చూసుకుంటారు’ అని మీట్ మొత్తాన్ని, అంటే రెండు జట్ల మధ్య జరిగే ఈత పోటీని, మన నెత్తిన పెడతారు. ఆ మూడో ఏటికి చేరుకున్న వాళ్ల కోసం ఇది. నేను చెప్పేది నార్దర్న్ వర్జీనియా స్విమ్మింగ్ లీగ్ పద్ధతి. అట్లాంటాలోనో డాలస్‌లోనో ఉంటే దూరాలు, పాయింట్లు కొంత మారతాయి కాబట్టి మీ లీగ్ నిబంధనల పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి.

ఒక మాట ముందే చెప్పేస్తాను. క్రీడాస్ఫూర్తి మీద మైకులో చేసే ప్రసంగాల వల్ల ఒరిగేది ఏమైనా ఉందని నాకు నమ్మకం లేదు. పూల్ గట్టు మీద నేను చూసిన గొడవల్లో ముప్పాతిక వంతు ఏర్పాట్లు సరిగ్గా లేక పుట్టినవే. టైమర్లు, అంటే వాచీ పట్టి సమయం చూసేవాళ్లు, చాలక ఒక లేన్‌కు ఒకే వాచీ మిగలడం, ఎదుటి జట్టు పసివాళ్లను నీడ లేని చోట కూర్చోబెట్టడం, పేరు పిలిచింది వినబడక ఒక పిల్ల తన పోటీ తప్పిపోవడం. ఇవి చక్కబెట్టుకుంటే మర్యాద దానంతట అదే వస్తుంది.

మొదట పాయింట్ల లెక్క అర్థం చేసుకోండి

ఈ లీగ్ 1956 నుంచి నడుస్తోంది. ఇప్పుడు వందకు పైగా పూల్స్ ఇందులో ఉన్నాయి. పొటోమాక్ నదికి అవతలి ఒడ్డున, మేరీల్యాండ్‌లో, మాంట్‌గోమరీ కౌంటీ లీగ్ ఉంది. కేటీ లెడెకీ ఆరేళ్ల వయసులో ఈత పోటీలు మొదలుపెట్టింది అక్కడి పాలిసేడ్స్ అనే పేట పూల్‌లోనే. పదిహేనేళ్లకు 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచింది. 2024 పారిస్ నాటికి ఆమె స్వర్ణాలు తొమ్మిది. ఈ సంగతి చెప్పగానే మన తల్లిదండ్రుల కళ్లలో ఒక మెరుపు వస్తుంది. ఆ మెరుపును కాస్త ఆర్పుకోండి. ఆమె పక్క లేన్లలో ఈదిన పిల్లలంతా వేసవి అయ్యాక మామూలుగా బడికి వెళ్లినవాళ్లే.

శనివారం పొద్దున జరిగేది ఎ మీట్. రెండు జట్లు, ఆరు లేన్లు, ప్రతి పోటీలో జట్టుకు ముగ్గురు. ఎనిమిదేళ్లలోపు, 9–10, 11–12, 13–14, 15–18 అని ఐదు వయసు వర్గాలు. జూన్ 1 నాటికి ఉన్న వయసే సీజనంతా లెక్క. ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై, ఈ వరసలో నాలుగు ఈతలు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ విడివిడిగా. ఐదు నాలుగులు ఇరవై, దానికి రెండింతలు నలభై. ఆ పైన పన్నెండు రిలేలు. వ్యక్తిగత పోటీల్లో మొదటి ముగ్గురికి 5, 3, 1 పాయింట్లు. రిలే గెలిస్తే 5, ఓడితే సున్నా. అన్నీ కలిపితే 420. అందులో 210 దాటిన జట్టుదే మీట్. ఒక్కరు రెండు వ్యక్తిగత పోటీలకు మించి ఈదకూడదు.

ఈ లెక్కంతా ఎందుకంటే, తగాదా ఎప్పుడూ మొదటి స్థానం దగ్గర రాదు. అక్కడ ఎవరు ముందో అందరికీ కనిపిస్తుంది. మూడో స్థానం దగ్గర వస్తుంది. ఆ ఒక్క పాయింటు ఒక ఏడేళ్ల పిల్ల వేలి కొన మీద, ఒక టైమర్ కంటి మీద ఆధారపడి ఉంటుంది. ఇద్దరూ సమానంగా వస్తే చెరి అర. అర పాయింటుతో మీట్ పోయిన జట్టును నేను చూశాను. ఆ సాయంత్రం దాకా వాళ్లు ఆ అర పాయింటు ఎక్కడ పోయిందో వెతుక్కుంటూనే ఉన్నారు.

మూడు వారాల ముందు: మనుషుల్ని వెతకండి

లేన్‌కు ముగ్గురు టైమర్లు, ఆరు లేన్లకు పద్దెనిమిది మంది. రెండు జట్లూ పంచుకుంటాయి. వీళ్లు కాక ఒక రిఫరీ, ఒక స్టార్టర్, స్ట్రోకులూ టర్నులూ చూసే జడ్జీలు, రిలే దూకుళ్లు చూసేవాళ్లు, పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి పంపే క్లర్క్ ఆఫ్ కోర్స్, కాగితాలు మోసే పిల్లలు, స్కోరు బల్ల దగ్గర నలుగురు, మైకు మనిషి, తిండి దుకాణానికి అయిదారుగురు. పూట మధ్యలో మారేవాళ్లను కలుపుకుంటే మా పూల్‌కు నేను వేసుకునే లెక్క అరవై. రిఫరీ, స్టార్టర్, జడ్జీలకు శిక్షణ తప్పనిసరి. సీజన్ మొదట్లోనే నలుగురైదుగురిని ఆ తరగతులకు పంపకపోతే జూలైలో తల పట్టుకుంటారు.

అందరికీ ఒక ఈమెయిల్ పంపి ఊరుకుంటే ఎప్పుడూ వచ్చే పన్నెండు మందే మళ్లీ వస్తారు. పేరు పెట్టి అడగాలి. మొదటి ఏడు నేను ఒకావిడను అడిగితే, “నాకు ఈతే రాదండీ, నన్నెందుకు అడుగుతారు” అన్నారు.

“బటన్ నొక్కడం వచ్చు కదండీ?”

“అదొక్కటేనా?”

“అదొక్కటే. కాకపోతే కళ్లు గోడ మీద నుంచి తిప్పకూడదు.”

ఆవిడ ఇప్పుడు మా జట్టులో హెడ్ టైమర్. ఇప్పటికీ ఈత రాదు. నీళ్లకు అర గజం దూరంలో నిలబడతారు, వాచీ పట్టడంలో మాత్రం ఆవిడకు వంక పెట్టలేం.

పనుల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టండి. కష్టమైన పనులు ఒకే కుటుంబం మీద పడకుండా చూడండి. మన వాళ్లలో ఒక అలవాటు ఉంది, తిండి దుకాణానికి ముందే చేతులెత్తేస్తాం, నిబంధనలతో పని అంటే వెనక్కి జరుగుతాం. ఇంగ్లిషులో ఎవరైనా గట్టిగా అడిగితే ఏం చెప్పాలో అన్న జంకు. స్ట్రోక్ జడ్జి మాట్లాడాల్సింది రిఫరీతో మాత్రమే, తల్లిదండ్రులతో కాదు. ఈ సంగతి తెలిశాకే మా ఆయన ఆ తరగతికి వెళ్లారు.

వారం ముందు: ఎదుటి జట్టుకు ఫోన్ చేయండి

ఈమెయిల్ కాదు, ఫోన్. ఎన్ని కార్లు వస్తాయి, ఎన్ని గుడారాలు వేసుకుంటారు, చక్రాల కుర్చీలో వచ్చే తాతయ్యలు ఉన్నారా, వేరుశనగ పడని పిల్లలు ఉన్నారా, వార్మప్ ఎప్పుడు ఎవరికి. మా దగ్గర ఇంటి జట్టు ముందు ఈది నీళ్లు ఖాళీ చేస్తుంది, తరవాత అతిథులు. అలా చేస్తే దూరం నుంచి వచ్చేవాళ్లు ఇంకో అరగంట పడుకోవచ్చు. పూల్ వంకర ఏమైనా ఉంటే దాచకండి. మా నాలుగో లేన్‌లో గోడ మీద ఒక పలక జారుతుంది, టర్న్ దగ్గర కాలు నిలవదు. అది మేమే ముందు చెప్తాం. మన పిల్లలకు మాత్రమే తెలిసిన గుంట మనకు లాభం అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లను పార్కింగ్ పనికి పంపండి.

పక్క ఇళ్లవాళ్లకు ఒక చీటీ వేయండి, శనివారం ఏడు నుంచి మధ్యాహ్నం దాకా మైకు మోగుతుంది, వీధిలో కార్లు ఉంటాయి అని. చీటీతో పాటు నాలుగు డోనట్లు ఇచ్చిన ఏడు మాకు ఒక్క ఫిర్యాదూ రాలేదు.

శుక్రవారం సాయంత్రం: విడిది ఎక్కడ?

సాయంత్రం పూల్ మూసే వేళకు లేన్ తాళ్లు లాగండి. బ్యాక్‌స్ట్రోక్ జెండాల తాడు గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో ఉండాలి. వెల్లకిలా ఈదే పిల్లలు ఆ జెండా కనబడగానే చేతులు లెక్కపెట్టుకుని గోడ అందుకుంటారు. జెండా అర మీటరు జరిగితే ఎనిమిదేళ్ల పిల్లవాడి తల గోడకు తగులుతుంది. ఇది టేపు పెట్టి కొలవాల్సిన పని, కంటితో చూసి సరిపెట్టేది కాదు. పిల్లలు ఎక్కి నీళ్లలోకి దూకే స్టార్టింగ్ బ్లాకులు కదలకుండా ఉన్నాయో లేదో పెద్దవాళ్లు ఎక్కి చూడాలి. బ్లాకుల ముందు నీళ్ల లోతు 4 అడుగులకు తక్కువైతే వాటి మీద నుంచి దూకనివ్వకూడదు. కరెంటు తీగలు నీళ్లకు దూరంగా, నడిచే దారికి అడ్డం లేకుండా, షాక్ కొట్టకుండా ఆపే ప్లగ్గుల నుంచే తీసుకోవాలి.

ఇక గుడారాలు. ప్రతి పూల్‌లోనూ మంచి చోటు ఒకటి ఉంటుంది, ఇంటి జట్టు దాన్ని శుక్రవారం రాత్రే దుప్పట్లు పరిచి ఆక్రమిస్తుంది. నా మాట వినండి, అది అతిథులకు ఇవ్వండి. మీట్ పొద్దుటిపూట జరుగుతుంది కాబట్టి నీడ చెట్లకు పడమరగా పడుతుంది. ఏ పక్క ఏ గంట దాకా నీడ ఉంటుందో ముందు శనివారం ఒకసారి చూసి పెట్టుకోండి. మా పూల్‌లో ఓక్ చెట్ల పక్క పదకొండు దాకా చల్లగా ఉంటుంది, అది వాళ్లది. మేము కంచె పక్కన, మా గుడారాలు మేము తెచ్చుకుని కూర్చుంటాం. మొదటిసారి ఈ మాట అన్నప్పుడు మా జట్టులో కొందరు మొహం ముడుచుకున్నారు. మూడు వారాల తరవాత మేము ఆ జట్టు పూల్‌కు వెళ్తే, గేటు దగ్గర మా పేరు రాసిన అట్ట, దాని పక్కన నీడలో ఖాళీగా ఉంచిన చోటు కనిపించాయి.

గేటు నుంచి మరుగుదొడ్లు, విడిది, వరస బల్లలు (పోటీకి ముందు పిల్లల్ని కూర్చోబెట్టే చోటు), స్కోరు కాగితం, తిండి దుకాణం ఎక్కడున్నాయో బాణం గుర్తులు పెట్టండి. మీ పూల్‌కు ఎన్నడూ రాని తల్లి, ఒక చంకలో బిడ్డ, ఇంకో చేత్తో ఆరేళ్ల పిల్ల, ఎవరినీ అడగకుండా వరస బల్లల దాకా చేరగలగాలి. అలా చేరిందంటే మీ బాణాలు సరిగ్గా ఉన్నట్టే.

శనివారం: ఆరు నుంచి తొమ్మిది

ఆరింటికి గేటు, ఆరున్నరకు కాఫీ. మైకు, స్టార్టర్ యంత్రం ఒకసారి మోగించి చూడటం, స్టాప్‌వాచీలకు కొత్త బ్యాటరీలు. పోటీల పట్టికలు చాలినన్ని అచ్చేయించి ఉండాలి. నీళ్లలో తడిసిన పట్టిక పట్టుకుని ఎవరో తప్పకుండా మీ దగ్గరికి వస్తారు. అమ్మలు నల్ల మార్కరుతో పిల్లల చేతుల మీద పోటీ సంఖ్య, లేన్ సంఖ్య రాస్తారు. సన్‌స్క్రీన్ పూసే ముందే రాయండి, పూశాక రాస్తే జారిపోతుంది. వీపు మీద ఎదుటివాళ్లను వెక్కిరించే రాతలు రాసే ఆచారం ఉంది. మా జట్టులో అది మానిపించి పిల్లల ముద్దుపేర్లు రాస్తున్నాం. ‘చిట్టి’ అని తెలుగులో రాసుకుని తిరిగే తొమ్మిదేళ్ల పిల్లను చూసి ఎదుటి జట్టు పిల్లలు తమ చేతుల మీద కూడా రాయమని వరస కట్టారు.

ఎనిమిదిన్నరకు జడ్జీలతో రిఫరీ సమావేశం, ఎనిమిదీ నలభైకి టైమర్లకు పాఠం. ఈ రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకండి.

వాచీ పట్టడం

మీట్ అంతటికీ ఇరుసు ఇదే కాబట్టి కాస్త నింపాదిగా చెప్తాను.

రిఫరీ పొట్టి ఈలలు వేస్తే ఈతగాళ్లు సిద్ధం కావాలి. పొడుగు ఈలకు బ్లాకు ఎక్కాలి. బ్యాక్‌స్ట్రోక్‌లో పొడుగు ఈలకు నీళ్లలోకి దిగి, రెండో పొడుగు ఈలకు గోడ పట్టుకోవాలి. అప్పుడు స్టార్టర్ ‘టేక్ యువర్ మార్క్’ అంటాడు. అందరూ కదలకుండా ఆగాక హారన్ మోగుతుంది, దాంతోపాటే దీపం మెరుస్తుంది. టైమర్ వాచీ నొక్కాల్సింది దీపం చూసి, హారన్ విని కాదు. ఎందుకంటే శబ్దం 25 మీటర్లు రావడానికి సెకనులో దాదాపు 7 వందోవంతులు తీసుకుంటుంది. తొమ్మిదేళ్ల పిల్లల 25 మీటర్ల బటర్‌ఫ్లైలో రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య తేడా చాలాసార్లు అంతకంటే తక్కువే. దీపాన్ని చూడాలంటే స్టార్టర్ వైపు చూడాలి, మన పిల్ల వైపు కాదు. ఇక్కడే చాలామంది నాన్నలు తప్పుతారు. సొంత పిల్లలు ఈదే లేన్‌లో టైమర్‌గా నిలబడకుండా పట్టిక వేయడం మంచిది.

బొటనవేలితో కాక చూపుడువేలితో నొక్కండి, చెయ్యి తొందరగా స్పందిస్తుంది. సగం దూరంలో ఒకసారి వాచీ చూసుకోండి. ఆగిపోయి ఉంటే వెంటనే చెయ్యెత్తండి, హెడ్ టైమర్ దగ్గర ప్రతి పోటీకి నడుస్తూ ఉండే వాచీ ఒకటి అదనంగా ఉంటుంది. ఈతగాడు దగ్గరకు వస్తుండగా గట్టు అంచుకు వచ్చి, వంగి, నేరుగా గోడ మీదికి చూడండి. కాళ్లు తడుస్తాయి, తడవనివ్వండి. శరీరంలో ఏ భాగం గోడకు తాకినా అప్పుడే నొక్కాలి, తల పైకి వచ్చాక కాదు.

ముగ్గురి వాచీలు 21.43, 21.51, 21.38 చూపిస్తే రాసుకోవాల్సింది నడిమిది, అంటే 21.43. ఇద్దరివి ఒకటైతే అదే. రెండు వాచీలే పనిచేస్తే సగటు. ‘మీకెంత వచ్చింది’ అని పక్కవాళ్లను అడిగి తమ అంకె సర్దుకునేవాళ్లు ఉంటారు, మొహమాటానికి. ఎవరి వాచీలో ఉన్నది వాళ్లు చెప్పాలి. తేడా వస్తే తప్పేమీ కాదు, ముగ్గురిని పెట్టింది అందుకే. రిఫరీ తరవాతి పోటీకి ఈల వేసేదాకా వాచీ చెరపకండి.

ఇంకొకటి, స్టార్ట్ వేళ ఫోటో ఫ్లాష్ వేయనివ్వకండి. దీపం కోసం కాచుకుని ఉన్న పద్దెనిమిది మంది ఫ్లాష్‌కే నొక్కేస్తారు. ఈ మాట మైకులో గంటకొకసారి చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. కారణం చెప్తే జనం వింటారు.

వరస బల్లలు

ఎనిమిదేళ్లలోపు పిల్లల కోసం ఇక్కడ ఓపికున్న ఇద్దరిని పెట్టండి, బడిలో చిన్న తరగతులు చెప్పినవాళ్లయితే మరీ మంచిది. బల్లకు ఆరుగురు, లేన్ల వరసలో. ఆ వరస మన పిల్లలూ వాళ్ల పిల్లలూ కలిసి కూర్చునే చోటు. వాళ్ల మధ్య పరిచయం అక్కడ మొదలవుతుంది, పేకముక్కల ఆట ఒకటి బల్ల కింద ఉంచితే ఇంకా తొందరగా మొదలవుతుంది. బ్లాకు ఎక్కడానికి భయపడే పిల్ల గట్టు మీద నుంచైనా, నీళ్లలో దిగి గోడ పట్టుకునైనా మొదలుపెట్టవచ్చు. ఈ సంగతి ఆ పిల్లకు ముందే చెప్పండి. బ్లాకు మీద ఏడుస్తూ నిలబడ్డాక చెప్తే వినబడదు.

డీక్యూ (పోటీలో అనర్హత) వచ్చినప్పుడు

స్ట్రోక్ జడ్జి చెయ్యి పైకెత్తిందంటే ఆ లేన్‌లో తప్పు కనబడిందని. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాళ్లు కత్తెరలా ఆడటం, బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనో బటర్‌ఫ్లైలోనో ఒక్క చేత్తో గోడ తాకడం, బ్యాక్‌స్ట్రోక్ చివర గోడ తాకకముందే బోర్లా తిరగడం, ఎక్కువగా వచ్చేవి ఇవే. అనుమానం ఉంటే ఈతగాడి పక్షానే తేల్చాలి. ఖాయంగా చూస్తేనే చెయ్యెత్తాలి. చూసి కూడా జాలిపడి వదిలేయడం దయ కాదు, పక్క లేన్‌లో సరిగ్గా ఈదిన పిల్లకు రావలసిన స్థానం తీసి ఇచ్చినట్టు.

ఇక్కడ తల్లిదండ్రులకు తెలియని చిన్న సంగతి ఒకటి. ఫ్రీస్టైల్‌లో అలిసిపోయి అడుగున నిలబడితే డీక్యూ కాదు. నడవకూడదు, నేల తన్ని ముందుకు దూకకూడదు, అంతే. లేన్ తాడు పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు, తాడు లాగుతూ ముందుకు పోకూడదు. సగంలో ఆగిన పిల్లవాడిని చూసి ‘అయిపోయింది, బయటికి రా’ అని అరిచిన నాన్నను నేను చూశాను. ఆ పిల్లవాడు రూలు ప్రకారం ఇంకా పోటీలోనే ఉన్నాడు. నాన్న మాట విని బయటికి వచ్చేశాడు, దాంతో పోటీ నిజంగానే పోయింది.

మా రెండోవాడికి ఏడేళ్లప్పుడు వరసగా మూడు శనివారాలు బ్రెస్ట్‌స్ట్రోక్‌లో డీక్యూ. మూడోసారి నేను జడ్జి వైపు అడుగు వేశాను. మా జట్టు ప్రతినిధిగా అప్పుడున్న ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, చేతిలో కాఫీ కప్పు పెట్టి, “ఇది తాగేలోపు కోచ్ వాడితో మాట్లాడతాడు” అన్నారు. కోచ్ పదిహేడేళ్ల కుర్రవాడు. మావాడిని గట్టు మీద బోర్లా పడుకోబెట్టి, రెండు పాదాలు చేతుల్లో పట్టుకుని, బయటికి తిప్పి చూపించాడు, అయిదారు సార్లు. నాలుగో శనివారం ఆఖరున వచ్చాడు, డీక్యూ లేకుండా. ఆ కాఫీ పద్ధతిని నేను ఇప్పుడు ఇతరుల మీద వాడుతున్నాను.

నిబంధన ఏమిటంటే, రిఫరీ దగ్గరికి వెళ్లి అడిగే హక్కు జట్టు ప్రతినిధికే. తల్లిదండ్రులు ప్రతినిధితో చెప్పాలి. ప్రతినిధి అడగాల్సింది ‘ఏం చూశారు, ఎక్కడి నుంచి చూశారు’ అని మాత్రమే. ఫోన్‌లో తీసిన వీడియో చూపించబోకండి, అది చెల్లదు, పైగా గుంపు చేరుతుంది. పిల్లకు సంగతి చెప్పాల్సింది కోచ్. అమ్మానాన్నల పని తువ్వాలు పట్టుకుని నిలబడటం.

గట్టు మీద పెద్దవాళ్లు

‘టేక్ యువర్ మార్క్’ వేళ నిశ్శబ్దం. ఆ తరవాత ఎంతైనా అరవండి. చివరి పిల్ల గోడ తాకేదాకా చప్పట్లు ఆగకూడదు, ఆమె ఎవరి జట్టయినా సరే. మైకు మనిషికి ఇది ముందే చెప్పి పెట్టండి. ‘నాలుగో లేన్‌లో ఇంకా ఈదుతున్నారు’ అని అతను పేరుతో అంటే గట్టంతా అటు తిరుగుతుంది. పోటీ అయ్యాక ఈతగాళ్లు లేన్ తాళ్ల మీదుగా చేతులు కలిపి, అందరూ వచ్చాకే బయటికి ఎక్కాలి.

మన తెలుగు గుడారంలో నాకు నచ్చనిది ఒకటుంది, చెప్పక తప్పదు. పిల్ల నీళ్లలోంచి వచ్చీ రాగానే ‘ఎంత వచ్చింది, వాళ్లమ్మాయికి ఎంత వచ్చింది’ అన్న ఆరా. ఎంసెట్ ర్యాంకుల నాటి జబ్బు సముద్రం దాటి పూల్ గట్టుకు చేరింది. అడగాలనుకుంటే ‘జెండాల దగ్గర చేతులు లెక్కపెట్టావా’ అని అడగండి.

ఒక జట్టు మరీ బలమైనదైతే సగం మీట్‌కే ఫలితం తేలిపోతుంది. అప్పుడు గెలిచే జట్టు కోచ్ చేయగలిగిన మంచి పని, పిల్లలకు అలవాటు లేని ఈతలకు పంపడం. అయితే ఆ నిర్ణయం పేర్లు ఇచ్చే ముందే తీసుకోవాలి. పోటీలో కావాలని మెల్లగా ఈదమని మాత్రం ఎవరికీ చెప్పకూడదు, అది ఎదురుగా ఈదేవాళ్లను చిన్నబుచ్చడమే. కొత్తవాళ్ల కోసం సోమవారం సాయంత్రాల్లో బీ మీట్లు ఉంటాయి. అక్కడ ఆరేళ్ల పిల్లలు 25 మీటర్లు దాటడమే పండగ.

అతిథి మర్యాద గురించి ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ఈ పేట పూల్స్ అందరికీ తెరిచిన చోట్లుగా మొదలవలేదు. ఇదే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో 1960లలో లిటిల్ హంటింగ్ పార్క్ అనే సంఘం, ఇల్లు అద్దెకు తీసుకున్న థియొడోర్ ఫ్రీమన్ నల్లజాతివాడని అతనికి పార్కు, పూల్ వాడుకునే హక్కు ఇవ్వనంది. ఇల్లు అద్దెకిచ్చిన పాల్ సలివన్ అతని పక్షాన నిలబడితే, సలివన్‌నే సంఘం నుంచి తీసేసింది. అమెరికా సుప్రీం కోర్టు 1969లో ఆ ఇద్దరి పక్షాన తీర్పు చెప్పింది. 1973లో మాంట్‌గోమరీ కౌంటీలోని వీటన్-హేవెన్ పూల్ మీద కూడా అలాంటి తీర్పే వచ్చింది. మనం మడత కుర్చీ వేసుకుని కూర్చునే గట్టు ఇది. గేటు దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడిన కుటుంబం కనబడితే, లేచి వెళ్లి లోపలికి తీసుకురండి.

మెరుపులు, తిండి

ఉరుము వినబడితే అందరూ బయటికి. ఆఖరి ఉరుము తరవాత 30 నిమిషాలు గడిచాకే మళ్లీ నీళ్లలోకి, మధ్యలో ఇంకోటి ఉరిమితే లెక్క మొదటి నుంచి. బేరాలు లేవు. జనం ఇనుప కంచె, గుడారాలు వదిలి కార్లలోకి వెళ్లాలని మైకులో స్పష్టంగా చెప్పండి. స్కోరు కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టండి, అవి తడిస్తే ఉరుముల కంటే పెద్ద గొడవ.

తిండి దుకాణంలో డోనట్లు, గుడ్డు శాండ్‌విచ్‌లు ఎలాగూ ఉంటాయి. మా వాళ్లు ఒక ఏడు ఇడ్లీలు పెట్టారు. చట్నీ కారింది, బల్ల పాడైంది, అయినా తొమ్మిదిన్నరకల్లా అయిపోయాయి. ఇప్పుడు పొడి ఇడ్లీలే పెడుతున్నాం, నేతిలో కలిపిన పొడితో, కాగితం గిన్నెల్లో. టైమర్లకు, జడ్జీలకు మంచినీళ్లు ప్రతి పది పోటీలకు ఒకసారి వాళ్లు నిలబడిన చోటికే తీసుకెళ్లండి. పిల్లలతో పంపితే ఇంకా బాగుంటుంది.

మీట్ అయ్యాక

స్కోరును రెండు జట్ల వాళ్లూ పక్కపక్కన కూర్చుని సరిచూసి సంతకం పెట్టాకే ప్రకటించండి. తొందరపడి మైకులో చెప్పి, పది నిమిషాల తరవాత దిద్దుకోవడం కంటే అవమానం ఇంకొకటి లేదు. పిల్లలు రెండు వరసల్లో ఎదురెదురుగా నడుస్తూ చేతులు తగిలించుకుంటారు. ఆ వరసలో కోచ్‌లతో పాటు ప్రతినిధులు కూడా నడవండి. రిబ్బన్లు పంచేటప్పుడు ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలకు ఒక మాట చెప్పాలి, ఇక్కడ మొదటి స్థానానిది నీలం, రెండోది ఎరుపు, మూడోది తెలుపు. మా అత్తగారు ఎర్ర రిబ్బను చూసి మనవడే గెలిచాడనుకుని పక్క గుడారం దాకా చెప్పి వచ్చారు. ఎవరూ ఆవిడ తప్పు దిద్దలేదు.

మధ్యాహ్నం పూల్ మామూలు జనానికి తెరవాలి కాబట్టి అరగంటలో తాళ్లు తీసి చుట్టాలి. ముందు రోజు గుడారాలు వేసినవాళ్లే మళ్లీ విప్పకుండా పట్టికలో వేరే పేర్లు ఉంచండి. చెత్త సంచులు కట్టాక గట్టంతా ఒకసారి తిరగండి. తడిసిన తువ్వాళ్లు, ఒంటి చెప్పులు, కనీసం ఏడు గాగుల్స్ దొరుకుతాయి. అతిథులవి వేరే సంచిలో వేసి, ఫలితాల ఫైలుతో పాటు సంచి ఫోటో ఆ సాయంత్రమే వాళ్ల ప్రతినిధికి పంపండి. రెండు తాళంచెవులూ ఎవరెవరి దగ్గరకు చేరాయో కూడా అప్పుడే రాసిపెట్టుకోండి, సోమవారం బీ మీట్ ఉంది.